కుట్టు మిషన్ లేకుండానే కిటికీకి పరదా.. పాత చీర, రెండు కర్రలుంటే చాలు! గాలి ఆగదు, లోపలి మనిషి బయటికి కనపడరు

కొత్త ఇల్లు. స్లాబు పడింది, రంగులేశారు, కిటికీలు బిగించారు. గృహప్రవేశం కూడా అయిపోయింది. తీరా చూస్తే హాల్ కిటికీ నేరుగా రోడ్డు మీదికే ఉంది. తెరిస్తే వచ్చేపోయే వాళ్లందరికీ ఇల్లంతా కనిపిస్తుంది. మూస్తే లోపల ఉక్కపోత. ఇప్పటికే ఇంటి మీద అప్పు ఉంది. కర్టెన్లు, రాడ్లు, కుట్టు కూలి అంటూ మళ్లీ ఖర్చు ఎక్కడ పెట్టేది?

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం దాకా అడవి అంచు ఊళ్లలో, గూడేల్లో కొత్త స్లాబు ఇళ్లు లేస్తున్నాయి. ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని 2024 మార్చి 11న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ప్రారంభించింది భద్రాచలంలోనే. సొంత స్థలం ఉన్న పేదలకు ఇల్లు కట్టుకోవడానికి 5 లక్షల రూపాయల సాయం ఇచ్చే పథకం ఇది. 2025 సెప్టెంబర్‌లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చంద్రుగొండ మండలం బెండాలపాడులో ఈ ఇళ్లకు గృహప్రవేశాలు కూడా జరిగాయి. ఇల్లు వచ్చింది, సంతోషమే. కానీ గోడలు, స్లాబు అయ్యేసరికే డబ్బులు అయిపోతాయి. కిటికీ పరదా దాకా లెక్క రాదు.

మరి కుట్టు మిషన్ లేకుండా, టైలర్ దగ్గరికి వెళ్లకుండా, గోడకు డ్రిల్ కొట్టకుండా కిటికీకి పరదా ఎలా కట్టుకోవాలి? పగలు బాగానే ఉన్న పరదా రాత్రి ఎందుకు పనికిరాకుండా పోతుంది? గాలి ఆగకుండా ఏం చేయాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

పాత ఇంట్లో లేని సమస్య కొత్త ఇంట్లో ఎందుకు?

ఏజెన్సీలో పాత ఇళ్ల తీరే వేరు. వెదురు తడికెల గోడలు, వాటి మీద మట్టి పూత, పైన గడ్డి లేదా తాటాకు కప్పు. పెద్ద పెద్ద కిటికీలు ఉండేవి కావు. తడిక సందుల్లోంచి, చూరు కింది నుంచి గాలి ఆడేది. బయటి నుంచి చూసేవాళ్లకు మాత్రం లోపల ఏమీ కనిపించేది కాదు. అంటే గాలికి గాలి, మరుగుకు మరుగు. రెండూ గోడే చూసుకునేది.

భద్రాచలానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో ఉన్న పర్ణశాల పేరుకు అర్థమే ఆకుల ఇల్లు. ఆకుతో, వెదురుతో నీడ చేసుకోవడం ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు.

స్లాబు ఇంట్లో పరిస్థితి మారింది. ఇటుక గోడలోంచి గాలి రాదు. గాలి, వెలుతురు రావాలంటే కిటికీ ఒక్కటే దారి. చూపు కూడా అదే దారిలో లోపలికొస్తుంది. అందుకే చాలామంది చేసే మొదటి పని కిటికీ మూసేయడం. ఎండాకాలంలో ఇది మామూలు ఇబ్బంది కాదు. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం వైపు మే నెలలో 44, 45 డిగ్రీలు కొత్తేమీ కాదు. పగలంతా వేడెక్కిన స్లాబు రాత్రి దాకా వేడి వదులుతూనే ఉంటుంది. ఆ సమయంలో కిటికీ మూసుకుని పడుకోవడమంటే వేడిని ఇంట్లో పెట్టి తాళం వేసుకున్నట్టే. పగలంతా ఇంట్లో ఉండే ఆడవాళ్లు, ముసలివాళ్లు, బాలింతలు, పసిపిల్లల మీదే ఆ ఇబ్బంది ఎక్కువగా పడుతుంది.

కాబట్టి పరదా అంటే అలంకారం అనుకోవద్దు. కిటికీని ధైర్యంగా తెరిచి పెట్టుకోవడానికి అది కావాలి.

పగలు కనిపించదు.. రాత్రి అంతా కనిపిస్తుంది!

పరదా విషయంలో ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. పల్చటి గుడ్డ కట్టి, పగలు బయట నిలబడి చూస్తారు. లోపల ఏమీ కనిపించదు. సరిపోయిందనుకుంటారు. రాత్రి లైటు వేశాక అదే గుడ్డ అద్దంలా మారిపోతుంది.

కారణం సింపుల్. వెలుతురు ఎక్కువున్న వైపు మనిషి, తక్కువున్న వైపు వాళ్లకు కనిపిస్తాడు. పగలు బయట వెలుతురు ఎక్కువ. ఆ వెలుతురు గుడ్డ మీద పడి బయటివాళ్ల కళ్లకే కొడుతుంది కాబట్టి లోపలిది కనపడదు. రాత్రి బయట చీకటి, లోపల ఎల్ఈడీ బల్బు. లెక్క తిరగబడుతుంది. దోమల జాలీ, పల్చటి నెట్ కర్టెన్, సందులున్న వెదురు తడిక.. అన్నింటికీ ఇదే సూత్రం.

పరీక్ష కూడా తేలికే. రాత్రి ఎనిమిది గంటలకు గదిలో లైటు వేయండి. ఇంట్లోవాళ్లలో ఒకరిని పరదా వెనక నిలబడమనండి. మీరు బయటికెళ్లి రోడ్డు మీద నుంచి, పక్కింటి వైపు నుంచి, ఎదురుగా మేడ ఉంటే ఆ ఎత్తును లెక్కలోకి తీసుకుని చూడండి. మనిషి ఆకారం కనిపిస్తే ఇంకో పొర కావాలి. ఆ మనిషిని పరదాకు దూరంగా, గోడ వైపు జరగమని కూడా చూడండి. పరదాకు దగ్గరగా నిలబడితే నీడ గట్టిగా కనిపిస్తుంది. లైటు కిటికీకి ఎదురుగోడ మీద ఉంటే మనిషి నీడ పరదా మీదే పడుతుంది. లైటు కిటికీ ఉన్న గోడ మీదే, కిటికీ పైన ఉంటే నీడ లోపలి వైపు పడుతుంది. కొత్త ఇంటికి వైరింగ్ ఇంకా కాకపోతే ఈ విషయం ఎలక్ట్రీషియన్‌కు ముందే చెప్పుకోవచ్చు. దీనికి పైసా ఖర్చు లేదు.

ముందు కొలత.. తర్వాతే కత్తెర

పరదా కట్టే ముందు కిటికీ రెక్కలు ఎటు తెరుచుకుంటాయో చూడాలి. రెక్కలు బయటికి తెరుచుకుంటే పరదా లోపల కట్టుకోవచ్చు. లోపలికి తెరుచుకుంటే పరదా రెక్కకు అడ్డం పడుతుంది. అలాంటప్పుడు గ్రిల్‌కే ఆనించి, బయటి వైపు కట్టాలి.

కొలతకు ఉదాహరణగా 3 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు కిటికీ తీసుకుందాం. అంటే 36 అంగుళాలు, 48 అంగుళాలు. పరదా కిటికీ సైజుకే ఉంటే పక్క సందుల్లోంచి చూపు పడుతుంది. అందుకే రెండు పక్కలా కనీసం 3 అంగుళాలు, పైన 3, కింద 5 అంగుళాలు ఎక్కువ ఉండాలి. మొత్తం కలిపితే వెడల్పు కనీసం 42, ఎత్తు 56 అంగుళాలు.

ఇక్కడే పాత నూలు చీర పనికొస్తుంది. మామూలు చీర పొడవు దాదాపు ఐదున్నర మీటర్లు, అంటే సుమారు 216 అంగుళాలు. వెడల్పు 45 అంగుళాల దగ్గర ఉంటుంది. చీరకు రెండు వైపులా అంచు ఉంటుంది కాబట్టి అక్కడ దారాలు ఊడవు. చీర వెడల్పునే పరదా వెడల్పుగా వాడుకుంటే పక్కలు కుట్టే పనే లేదు. అసలు కుట్టు అవసరం తప్పించేది ఆ అంచే.

చీర పరదా: రెండు పొరలు, ఒక్క కుట్టూ లేదు

కావాల్సినవి: గట్టి నేత ఉన్న పాత నూలు చీర ఒకటి, 50 అంగుళాల కర్ర ఒకటి, 44 అంగుళాల కర్ర ఒకటి, ఫ్యాబ్రిక్ గ్లూ లేదా డజను పిన్నీసులు, గ్రిల్‌కు కట్టడానికి నాడా. కర్రలకు సన్నటి వెదురు బొంగు అయినా సరే, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన వైరింగ్ పైపు అయినా సరే. వెదురైతే కణుపుల దగ్గర, కొసల దగ్గర గరుకు కాగితంతో రుద్దాలి. లేదంటే గుడ్డ చిరుగుతుంది.

1. చీరను ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేయాలి. ఉతక్కుండా కట్టిన కొత్త గుడ్డ మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది. పాత చీరతో ఆ భయం తక్కువ.

2. పొడవు వెంట 120 అంగుళాలు, అంటే 10 అడుగులు కొలిచి గుర్తు పెట్టాలి. అంచు దగ్గర కత్తెరతో చిన్న గాటు పెట్టి రెండు చేతులతో చించితే నూలు చీర దారం వెంబడి తిన్నగా చిరుగుతుంది. కత్తెరతో కోస్తే వంకర పోయే అవకాశం ఎక్కువ.

3. చించిన గుడ్డను సగానికి మడిచి, ఆ మడతలో పొడవాటి కర్రను పెట్టాలి. దండెం మీద చీర ఆరేసినట్టే. ఇప్పుడు రెండు పొరలు వచ్చాయి. పైభాగానికి గ్లూ కూడా అక్కర్లేదు. గుడ్డ జారకుండా కర్ర కిందుగా రెండు మూలల్లో రెండు పిన్నీసులు పెడితే చాలు.

4. కింద రెండు పొరల కొసలు కలిపి పట్టుకుని, చిన్న కర్ర చుట్టూ ఒక చుట్టు తిప్పాలి. కర్ర పైన ఒక అంగుళం పట్టీగా ఫ్యాబ్రిక్ గ్లూ రాసి నొక్కాలి. రెండు పొరల మధ్య కూడా గ్లూ పడాలి. పైన పుస్తకాలో, బియ్యం సంచో బరువు పెట్టి ఒక రోజు కదపకూడదు. గ్లూ వద్దనుకుంటే నాలుగు అంగుళాలకు ఒక పిన్నీసు పెట్టుకుంటూ పోవాలి.

5. మిగిలిన గుడ్డలోంచి 2 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల పొడవున్న రెండు పట్టీలు చించుకోవాలి. వాటిని పై కర్ర మీద వేలాడేయాలి. సగం ముందుకు, సగం వెనక్కు. పరదాను కింది నుంచి చాపలా పైకి చుట్టి ఈ పట్టీలతో ముడేస్తే కిటికీ పూర్తిగా తెరుచుకున్నట్టే.

6. కర్ర రెండు కొసలను గ్రిల్ పైభాగానికి నాడాతో గట్టిగా కట్టాలి. గోడ పని ఏమీ లేదు. గ్రిల్ లేకపోతే కిటికీ ఫ్రేము పైన రెండు కొక్కేలు బిగించుకోవాలి.

కింద ఉన్న కర్ర ఊరికే పెట్టింది కాదు. దాని బరువుకు పరదా గాలికి ఎగిరిపోకుండా తిన్నగా నిలబడుతుంది. ఉతకాల్సి వస్తే రెండు కర్రలూ పక్కకు లాగేస్తే చాలు. మొదటిసారి ఉతకడానికి ముందు గ్లూ బాటిల్ మీద రాసినన్ని రోజులు ఆగాలి.

ఒక చీరలో 120 అంగుళాలు పోగా ఇంకా 96 అంగుళాలు మిగులుతుంది. అంత రాత్రి వెలుతురు ఉండని ఇంకో కిటికీకి ఒంటి పొర పరదా 63 అంగుళాల్లో వస్తుంది. అందులో 4 అంగుళాలు పై కర్ర మడతకు, 3 అంగుళాలు కింది కర్రకు. మిగిలిన ముక్కలో పట్టీలు పోను వెంటిలేటర్‌కు సరిపడా గుడ్డ వస్తుంది.

కిటికీ 4 అడుగుల వెడల్పు ఉంటే ఒక్క చీర వెడల్పు చాలదు. రెండు పరదాలు పక్కపక్కనే కట్టి, మధ్యలో ఒకదాని మీద ఒకటి 3 అంగుళాలు వచ్చేలా చూసుకోవాలి.

ఖర్చు విషయానికొస్తే చీర, పైపు ముక్కలు ఇంట్లోనే ఉంటే కొనాల్సింది గ్లూ లేదా పిన్నీసులు, నాడా మాత్రమే.

ఏ జిగురు నిలుస్తుంది? ఏది ఊడుతుంది?

చెక్కకు వాడే తెల్ల జిగురు గుడ్డకూ అంటుకుంటుంది. కానీ నీళ్లలో నానితే మెత్తబడి ఊడిపోతుంది. ఉతికే పరదాకు అది పనికిరాదు. డబుల్ టేపు మొదట్లో బాగానే పట్టుకుంటుంది. ఎండాకాలం వేడికి జిగురు కరిగి జారిపోతుంది, గుడ్డ మీద మరక మిగులుతుంది. స్టాప్లర్ పిన్నులు వానాకాలం తేమకు తుప్పు పట్టి గుడ్డను పాడు చేస్తాయి.

ఇస్త్రీ పెట్టెతో అంటుకునే టేపు టైలరింగ్ సామాన్ల షాపుల్లో దొరుకుతుంది. రెండు గుడ్డల మధ్య పెట్టి వేడిగా నొక్కితే కరిగి పట్టుకుంటుంది. నూలు గుడ్డకు ఇది బాగుంటుంది. సింథటిక్ చీరైతే ఆ వేడికి గుడ్డే ముడుచుకుపోతుంది.

గోడకు అంటించే స్టిక్కర్ కొక్కేలు చాలామంది కొంటారు. టైల్స్, గాజు మీద అవి నిలబడతాయి. సున్నం వేసిన గోడ మీద సున్నంతో సహా ఊడి వస్తాయి. అద్దె ఇంట్లో మేకు కొట్టొద్దని ఓనర్ అంటే గ్రిల్‌కు కట్టుకోవడమే ఉత్తమం.

కింది సగం కడితే చాలదా?

చాలా ఇళ్లకు చాలు. రోడ్డు మీద నడిచేవాళ్ల కళ్లు మన కిటికీ మధ్య భాగానికి కాస్త అటూ ఇటూగా వస్తాయి. అలాంటి చోట కిటికీ కింది సగానికి మాత్రమే పరదా కట్టి, పై సగం వదిలేస్తే గాలి, వెలుతురు రెండూ వస్తాయి. వేడి గాలి పైకి లేస్తుంది కాబట్టి పై సగం తెరిచి ఉండటం వల్ల అది బయటికి పోయే దారి కూడా దొరుకుతుంది.

దీనికి కర్ర కూడా అక్కర్లేదు. రెండు కొక్కేల మధ్య లాగి కట్టే కర్టెన్ స్ప్రింగు చాలు. గుడ్డ పై కొసను 2 అంగుళాలు మడిచి గ్లూతో అంటించి, ఆ సొరంగంలోంచి స్ప్రింగు దూర్చాలి. కింద కూడా ఇంకో స్ప్రింగు వేస్తే గాలికి లేవదు.

అయితే రెండు సందర్భాల్లో సగం పరదా పనికిరాదు. ఎదురుగా మేడ ఉంటే పై నుంచి చూపు పడుతుంది. సీసీ రోడ్డు ఎత్తు పెరిగి ఇల్లు పల్లంలోకి వెళ్లిపోయినా అంతే. బైక్ మీద వెళ్లేవాళ్లకు కూడా లోపల కనిపిస్తుంది. అక్కడ పూర్తి పరదాయే కట్టాలి.

బయట తడిక, లోపల చీర: పడమటి కిటికీకి ఇదే మందు

సాయంత్రం ఎండ నేరుగా కొట్టే పడమటి కిటికీకి లోపల ఎంత మందం పరదా కట్టినా గది వేడెక్కుతుంది. ఎండ గాజు దాటి లోపలికొచ్చాక పరదా మీద పడుతుంది. ఆ వేడి గదిలోనే ఉండిపోతుంది. అదే ఎండను కిటికీ బయటే ఆపితే వేడి బయటే పోతుంది.

ఈ పనికి వెదురు తడిక, ఈతాకు చాప, తాటాకు చాప ఏదైనా సరే. మేదరి వాళ్లు బుట్టలు, చాటలు, గంపలతో పాటు తడికెలు కూడా అల్లుతారు. కిటికీ కొలత చెప్పి సన్నటి బద్దలతో అల్లించుకోవచ్చు. అల్లినదాన్ని చూరు కింద రెండు చోట్ల తాడుతో వేలాడదీస్తే సరి. గోడకూ తడికకూ మధ్య ఒక జానెడు సందు ఉండాలి. ఆ సందులోంచి గాలి తిరిగితేనే చల్లగా ఉంటుంది.

పగలు తడిక ఎండను, చూపును రెండింటినీ ఆపుతుంది. రాత్రి మాత్రం బద్దల సందుల్లోంచి లోపలి వెలుతురులో మనుషులు కనిపిస్తారు. అందుకే లోపల చీర పరదా కూడా ఉండాలి. వానాకాలం వచ్చే ముందు తడికను దించి, ఎండబెట్టి, లోపల దాచుకుంటే ఎక్కువ కాలం వస్తుంది. లేత వెదురుకు పురుగు త్వరగా పట్టి పిండి రాలుతుంది. ముదురు బొంగుతో అల్లించుకోవడం మేలు.

ఎండాకాలం మధ్యాహ్నం తడిక మీద కాసిన్ని నీళ్లు చల్లితే లోపలికొచ్చే గాలి చల్లబడుతుంది. వట్టివేళ్ల తడికెలు పనిచేసేదీ ఇలాగే. పొడి ఎండలున్న ఏప్రిల్, మే నెలల్లోనే ఇది బాగా పనిచేస్తుంది. వానాకాలం ఉక్కలో నీళ్లు చల్లితే ఉక్క ఇంకా పెరుగుతుంది.

ఒక్క జాగ్రత్త. అడవి పక్కనే ఉంది కదా అని ఎవరికి వారు వెళ్లి వెదురు నరుక్కురావడం కుదరదు. 2017లో భారత అటవీ చట్టంలో ‘చెట్టు’ నిర్వచనం నుంచి వెదురును తీసేశారు. అయితే ఆ సడలింపు అడవి బయట, సొంత భూముల్లో పెంచిన వెదురు కోసం. అడవిలోని వెదురు విషయంలో 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనులకు, తరతరాలుగా అడవి మీద ఆధారపడ్డ వాళ్లకు హక్కు ఇచ్చింది. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో వెదురు కూడా ఉంది. మిగతావాళ్లు మేదరి వాళ్ల దగ్గర, సంతలో కొనుక్కోవడమే దారి.

గాజుకు గంజి.. బాత్‌రూమ్‌కు స్టిక్కర్

తెరవని గాజు కిటికీలకు, తలుపు మీది గాజు పలకలకు పరదా దాకా వెళ్లక్కర్లేదు. పల్చటి తెల్ల నూలు గుడ్డను గంజితో గాజుకు అంటించేయొచ్చు. రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్‌ను కొద్దిగా చల్లటి నీళ్లలో కలిపి, ఒక గ్లాసు మరిగే నీళ్లలో పోసి చిక్కబడేదాకా తిప్పాలి. చల్లారాక గాజు మీద బ్రష్‌తో పూసి, కొలతకు కోసిన గుడ్డను పెట్టి, పైన మళ్లీ గంజి పూయాలి. బుడగలు లేకుండా చేత్తో సాపు చేయాలి. ఆరాక వెలుతురు వస్తుంది, మనిషి మాత్రం స్పష్టంగా కనపడడు. వద్దనుకున్న రోజు తడిగుడ్డతో తుడిచి పీకేస్తే గాజు మళ్లీ మామూలే. అద్దె ఇళ్లకు ఇది బాగా పనికొస్తుంది.

బాత్‌రూమ్‌లో మాత్రం గంజి నిలవదు. తేమకు ఊడిపోతుంది, బూజు పడుతుంది. అక్కడ సబ్బునీళ్లతో అంటించే మసక గాజు స్టిక్కర్ వాడాలి. వెంటిలేటర్ పలకల మధ్య సందులను మాత్రం మూసేయొద్దు. తేమ పోవడానికి ఉన్న దారి అదొక్కటే.

ఫ్లెక్సీ ముక్కలు, న్యూస్‌పేపర్లు కడితే?

న్యూస్‌పేపర్ వెలుతురును పూర్తిగా ఆపేస్తుంది. కొన్నాళ్లకు పసుపు రంగుకు తిరిగి చిరుగుతుంది. మైదా జిగురుతో అంటిస్తే బొద్దింకలు, చీమలు చేరతాయి. నాలుగు రోజుల అవసరానికి సరే.

పాత ఫ్లెక్సీ వాన జల్లు కొట్టే వైపు బయట కట్టుకోవడానికి పనికొస్తుంది. లోపల మాత్రం వద్దు. గాలి ఆడదు, ఎండకు వేడెక్కి వాసన వస్తుంది, నిప్పు తగిలితే ప్రమాదకరమైన పొగ వస్తుంది.

పిల్లలున్న ఇంట్లో ఇవి మర్చిపోవద్దు

పరదా లాగడానికి కిందికి వేలాడే తాళ్లు పసిపిల్లల మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది. ఇది చిన్న విషయమేమీ కాదు. అమెరికాలో షాపుల్లో రెడీమేడ్‌గా అమ్మే కిటికీ బ్లైండ్లకు తాడు ఉండకూడదని, ఉన్నా చేతికి అందకూడదని 2018 డిసెంబర్ నుంచి ప్రమాణం తెచ్చారు. పైన చెప్పిన చీర పరదాలో పట్టీలు 24 అంగుళాలే పెట్టింది ఇందుకే. కర్ర మీద సగానికి వేలాడితే కిందికి వచ్చేది 12 అంగుళాలు మాత్రమే. మంచం, ఉయ్యాల కిటికీకి ఆనుకుని ఉంటే వాటిని జరపండి. పిన్నీసులు పిల్లల చేతికి అందేంత కిందికి ఉంటే వాటి బదులు గ్లూ వాడండి.

గ్యాస్ పొయ్యి, కట్టెల పొయ్యి పక్కనున్న కిటికీకి గుడ్డ పరదా కట్టొద్దు. వంటింటి పొగ బయటికి పోవాల్సిన దారి అది. దీపం, దోమల కాయిల్ కూడా పరదాకు దూరంగా పెట్టాలి.

ఏజెన్సీలో దోమలతో మలేరియా, డెంగీ భయం ఉండనే ఉంది. పరదా దోమలను ఆపదు. కిటికీ ఫ్రేముకు ముందు జాలీ, దాని లోపలి వైపు పరదా.. ఈ వరసలో ఉండాలి. జాలీ కూడా కుట్టక్కర్లేదు. అంటించుకునే వెల్క్రో పట్టీతో దొరుకుతుంది.

వరదొస్తే చుట్టి పట్టుకెళ్లొచ్చు

గోదావరి ఒడ్డు ఊళ్లకు ఇంకో లెక్క కూడా ఉంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టం 71 అడుగులు దాటింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక జారీ చేసేదే 53 అడుగులకు. 2024 సెప్టెంబర్ మొదట్లో మున్నేరు వరద ఖమ్మం కాలనీల్లోకి వచ్చింది. ఇలాంటప్పుడు జనం కట్టుబట్టలతో పునరావాస కేంద్రాలకు వెళ్లాల్సి వస్తుంది. స్కూళ్లు, ఫంక్షన్ హాళ్లలో ఒకే గదిలో ఎన్నో కుటుంబాలు ఉండాలి. బట్టలు మార్చుకోవడానికి, పిల్లలకు పాలివ్వడానికి అక్కడ కాస్త చాటు దొరకడమే కష్టం.

గోడకు బిగించిన రాడ్డు, కర్టెన్ వెంట తీసుకెళ్లలేం. నాడాతో కట్టిన చీర పరదాను ఒక్క నిమిషంలో విప్పి, కర్రలతో సహా చుట్టి చంకన పెట్టుకోవచ్చు. అక్కడ రెండు కిటికీ ఊచల మధ్య తాడు కట్టి వేలాడేస్తే అదే అడ్డు తెర. రెండు పొరలది కాబట్టి ట్యూబ్‌లైట్ వెలుతురులో కూడా చాటు ఉంటుంది. వరద ముంపు ఉన్న కాలనీల వాళ్లు కిటికీకి ఒకటి కట్టుకుని, ఇంకొకటి సంచిలో సిద్ధంగా పెట్టుకుంటే మంచిది.

పరదా లేకపోయినా తొంగి చూడటం నేరమే

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. కిటికీ తెరిచి పెట్టుకోవడం తప్పు కాదు. తొంగి చూడటమే తప్పు. ఎవరూ చూడరనుకునే చోట, బట్టలు మార్చుకోవడం లాంటి ఏకాంత సమయంలో మహిళను దొంగచాటుగా చూడటం, ఫొటో లేదా వీడియో తీయడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 77 కింద నేరం. మొదటిసారి నేరం రుజువైతే ఏడాది నుంచి మూడేళ్ల వరకు జైలు, జరిమానా. మళ్లీ చేస్తే మూడేళ్ల నుంచి ఏడేళ్లు. 2024 జులై 1కి ముందు ఇదే నేరం ఐపీసీ 354సీ కింద ఉండేది. ఇలాంటి ఇబ్బంది ఎదురైతే డయల్ 100కు, లేదా మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయొచ్చు. పరదా కట్టుకోలేదు కదా అని బాధితులను తప్పుపట్టే మాటకు చట్టంలో చోటు లేదు.

అయినా ప్రతి చూపు వెనకా పోలీసులు రాలేరు. ఇంట్లో ఉన్న మనిషి భయం లేకుండా కొంగు తీసి చెమట తుడుచుకోవాలన్నా, మధ్యాహ్నం ఒక గంట నడుం వాల్చాలన్నా ఆ కిటికీకి ఒక తెర కావాలి. ఆ తెర ఉంటేనే కిటికీ తెరుచుకుంటుంది. కిటికీ తెరుచుకుంటేనే ఇంట్లోకి గాలి వస్తుంది.

బీరువాలో కట్టుకోని పాత చీర ఒకటి ఉండే ఉంటుంది. వెతికి తీయండి. అంతకంటే ముందు, ఈ రాత్రే ఇంట్లో లైటు వేసి, బయటికెళ్లి మీ కిటికీ వైపు ఒకసారి చూడండి. ఎక్కడ ఎంత పొర కావాలో మీకే తెలుస్తుంది.